ఆముదపు దీపము, ఇంటి కాటుక

బెజవాడ నుండి ఏలూరునకు పోవు పెద్దబాటమీద, సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న గన్నవరము మెట్టయు పల్లమును కలసిన చోట వెలసిన ఊరు. ఒకవంక కేసరపల్లి దాపున సాగిపోవు ఏలూరు కాలువయు, ఆ నీటితో పండు వరిమళ్లును. మరియొకవంక ఆగిరిపల్లి, నూజివీడుల దిక్కుగా మెల్లమెల్లగా మిట్టకెక్కు ఎఱ్ఱనేలలును, మామిడితోటలును. నేడు ఈ ఊరి పేరు వినగానే అందరికిని విమానాశ్రయమే స్ఫురించును గాని, విమానములకును రైళ్లకును ఎంతయో పూర్వము ఈ రెండు నేలల కలయిక ఇచటి గృహిణులకు ఒక చిన్న విద్యను సులభసాధ్యము గావించినది. మెట్టచేల గట్లమీద పెరుగు ఆముదము దీపమునకు నూనెనిచ్చెను. పల్లపు కాలువగట్ల తేమలో మొలచు గుంటగలగరయు, పొన్నగంటికూరయు వత్తికి పసరునిచ్చెను. పెరటిలోని నందివర్ధనము తెల్లని పూవులనిచ్చెను. ఈ మూటిని కూర్చి ఇంటనే కాటుక పట్టుకొనుట కృష్ణా మండలపు పల్లెలలో మొన్నమొన్నటి దాక నిత్యకృత్యముగా ఉండెడిది.

రాజుల దండయాత్రలను, శాసనముల తేదీలను మాత్రమే చరిత్రయని భావించుట తగదనియు, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, తొడిగిన నగ కూడ చరిత్రయేననియు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరము ప్రతాపరెడ్డిగారు మనకు నిరూపించి చూపిరి. ఆ దృష్టితో చూచినపుడు కాటుక మిక్కిలి గౌరవింపదగిన వస్తువు. అది ఏ కార్ఖానాలోను పుట్టలేదు. ఏ కులవృత్తికిని చెందలేదు. తల్లి కూతునకు, అత్త కోడలికి చేతితో చేసి చూపి అప్పగించిన విద్య. దీని చరిత్ర నిజమునకు ఇంటి దీపము చరిత్ర. దీపము ఏ నూనెతో వెలిగినదో, ఎప్పుడు మారినదో, ఎప్పుడు మాయమైనదో తెలిసికొన్నవారికి కాటుక కథ తనంత తానే తెలియును.

కన్నులకు నలుపు దిద్దుకొనుట మానవజాతికి అతిప్రాచీనమైన అలవాటు. ఈజిప్టు దేశీయులు సీసపు ఖనిజమును నూరి కన్నులకు పూసికొనిరి. వారి సమాధులలో ఆ చూర్ణమును నింపిన చిన్న పాత్రలు నేటికిని లభించుచున్నవి. సింధునదీ తీరపు ప్రాచీన నగరములలో కాటుక దిద్దుకొను రాగి పుల్లలు దొరకినవి. మన దేశపు వాఙ్మయమున మాత్రము దీనినిగూర్చిన అతిస్పష్టమైన ప్రస్తావన బౌద్ధుల వినయపిటకమున మహావగ్గమునందు గలదు. నేత్రరోగముతో బాధపడు భిక్షువు నిమిత్తమై బుద్ధుడు అనుమతించిన అయిదు విధముల అంజనములలో నల్లని ఖనిజాంజనము, రసాంజనము, స్రోతోంజనము, గైరికములతో పాటు దీపపు మసియు నొకటి. అంతేకాదు, అంజనమునుంచు భరిణెలు బంగారముతోను వెండితోను ఉండరాదనియు, ఎముక, దంతము, కొమ్ము, వెదురు, కొయ్య, లక్క, రాగి, శంఖము మొదలగు వానితో చేసికొనవచ్చుననియు, దుమ్ము పడకుండ మూతయు, దిద్దుటకు పుల్లయు ఉంచుకొనవచ్చుననియు అందు నియమములు చెప్పబడినవి. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటలలో స్తూపములును విహారములును వర్ధిల్లిన ఈ కృష్ణాతీరమున భిక్షువులు శతాబ్దుల తరబడి నివసించిరి గదా! బౌద్ధుల వినయనియమములలో ఇంటి దీపపు మసికి మందుగా స్థానము లభించియుండుట మన పల్లెటూరి కాటుకభరిణెకు చిన్న గౌరవము కాదు.

ఆయుర్వేదము కాటుకను అలంకారముగా గాక దినచర్యగా పరిగణించినది. చరకసంహిత సూత్రస్థానమున సౌవీరాంజనమును ప్రతిదినము కన్నులకు పెట్టుకొనవలెననియు, కంటనుండి దోషము స్రవించిపోవుటకై అయిదు లేక ఎనిమిది రాత్రుల కొకమారు రసాంజనమును ప్రయోగింపవలెననియు విధింపబడినది. వాగ్భటుని అష్టాంగహృదయముకూడ దినచర్యాధ్యాయమున దంతధావనము తరువాత అంజనమునే చెప్పినది. శాస్త్రకారులు చెప్పిన సౌవీరము రాతినుండి వచ్చు ద్రవ్యము. మ్రానిపసుపు కషాయమును చిక్కబరచి చేయునది రసాంజనము. ఇవి వైద్యుని యింటను, పచారి కొట్టునను దొరకవలసిన సరుకులు. పల్లెటూరి యిల్లాలికి అందుబాటులో నున్నది మూడవ మార్గము, దీపపు మసి. ఈ విధముగా మన దేశమున కంటి నలుపు రెండు పాయలై ప్రవహించినది: రాతిని నూరి చేసిన సుర్మా యొకటి, దీపమును వెలిగించి పట్టిన కాటుక యొకటి. మొదటిది అంగడి సరుకు. రెండవది ఇంటి సొత్తు.

అంగడి సరుకునకు ఈ మండలమున బందరు ద్వారము. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము తూర్పు తీరమునందలి ప్రధాన రేవులలో నొకటియై, పారశీక, అరబ్బు వర్తకులకు నెలవై యుండెను. ఆంగ్లేయులు 1611లో అచట వర్తకశాల నెలకొల్పుకొనిరి. అత్తరులును, పన్నీరును, సుర్మాయు వాడు నాగరకత ముస్లిము కుటుంబములలో నాటుకొని నేటికిని నిలిచియున్నది; హైదరాబాదులో చార్మినారు చుట్టునున్న అంగళ్లలో సుర్మాదానులు ఇప్పటికిని అమ్ముడగుచున్నవి. కాని వరిచేలనడుమ బ్రదుకు రైతు గృహిణికి సుర్మాతో పనిలేకపోయెను. ఆమె గూటిలోని దీపమే ఆమెకు కాటుక అంగడి.

ఆ దీపము ఆముదపు దీపము. ఇంటి కాటుకకు ఆముదమునే ఏల ఎన్నుకొనిరన్నచో, చేతికందిన నూనె అదియే యని చెప్పుటతో ప్రశ్న తీరదు. ఆముదము మిక్కిలి చిక్కని నూనె, తొందరగా ఆరిపోదు, చిన్న వత్తితో రాత్రియంతయు మెల్లగా వెలుగును, గాలి తగినంత ఆడని చోట మెత్తని దట్టమైన మసి నిచ్చును. దానిని గానుగలో ఆడించుటయు కలదు గాని, ఇంటి వాడుకకు వండిన ఆముదమునే శ్రేష్ఠముగా ఎంచెడివారు. ఎండిన గింజలను వేయించి, రోట మెత్తగా దంచి, నీటిలో వేసి పొయ్యిమీద చాలసేపు కాచినచో నూనె పైకి తేలును. ఆ తేటను గరిటెతో తీసి, మరల కాచి, నీటి చెమ్మ పోగొట్టి కుండలో పోసి దాచెడివారు. పురిటి మందులకు, పసిపిల్లల తలయంటుకు, కాటుకకు చిట్టాముదము మేలని పెద్దల మాట. దంచిన చెక్క విషము గనుక పశువులకు పెట్టక చేలకు ఎరువుగా చల్లెడివారు. ఒక్క గింజనుండి మందు, వెలుగు, ఎరువు, కంటి నలుపు ఇన్నియు రాబట్టుకొన్న ఆ గృహనిర్వాహకత్వము నేడు మనము గర్వించి చెప్పుకొనదగినది.

ఇక కాటుక పట్టు విధానమును కొంచెము దగ్గరగా చూతము. మెత్తబడిన పాత నూలుబట్టను, తెల్లనిదానిని, శుభ్రముగా ఉదికి ఆరవేసి, జానెడు పేలికగా చింపుదురు. గుంటగలగరాకును కడిగి దంచి, బట్టలో వేసి పిండగా వచ్చిన ముదురాకుపచ్చ రసములో ఆ పేలికను నానవేసి నీడపట్టున ఆరబెట్టుదురు. గుంటగలగర పసరు ఆరినకొలది నల్లబడును. చేతివ్రేళ్లకు అంటినచో రెండు దినములకు గాని పోదు. ఆరిన పేలికను మరల ముంచి మరల ఆరబెట్టుట మూడు మారులనువారు కొందరు, ఏడు మారులనువారు కొందరు. కొన్ని యిండ్లలో పొన్నగంటి పసరు, కొన్ని యిండ్లలో నందివర్ధనపు పూల రసము, మరికొన్నింట ఒక చుక్క నిమ్మరసము; ఏ యింటి పద్ధతి ఆ యింటిది, ఏ యింటి యిల్లాలికి తన పద్ధతియే మేలు. ఇట్లు పసరు పట్టిన పేలికను అరచేతుల నడుమ నలిపి వత్తిగా చేసి, ప్రమిదలో ఆముదము నిండుగా పోసి, పొద్దుగ్రుంకిన తరువాత గాలి విసరని మూలలో వెలిగించెడివారు.

ప్రమిదకు ఇరువైపుల రెండు ఇటుకలనో, బోర్లించిన రెండు చెంబులనో నిలిపి వానిపై రాగిపళ్లెమును గాని, ఇత్తడిపళ్లెమును గాని బోర్లింతురు. నేర్పంతయు ఇక్కడనే యున్నది. పళ్లెము మరీ క్రిందికి దిగినచో గాలియాడక దీపము కొండెక్కును, లేదా మసి గరుకుగా పెచ్చుకట్టును. మరీ పైకి పోయినచో మసి పళ్లెమునంటక గాలిలో చెదరిపోవును. దీపపు నాలుక కొన పళ్లెమునకు తగిలియు తగలనట్లుండవలెను. లోహము వేడిని త్వరగా చెదరగొట్టును గనుక జ్వాల అచట చల్లబడి, పూర్తిగా కాలని కర్బనపు రేణువులు సన్నని పొరగా అడుగున పేరుకొనును. పళ్లెము అడుగున ముందుగా మంచిగంధము అరగదీసి పలుచగా పూసి ఆరబెట్టుట కూడ కలదు. అందువలన మసి లోహమునకు అంటుకొనిపోక సులభముగా ఊడివచ్చును, కమ్మని వాసనయు ఉండును. రాత్రి దీపము చమురుండునంతసేపు వెలిగి తనంత తానే కొండెక్కును.

తెల్లవారి పళ్లెమును తిరుగవేసినచో దానిమీద పట్టువలె మెరయు నలుపు కనబడును. దానిని ఊపిరి గాలి తగలకుండ తమలపాకు తొడిమతోనో, ఈకతోనో మెల్లగా ఒకచోటికి చేర్చి, పలుచని బట్టలో వేసి వడగట్టి, అందు చేరిన బరకను తీసివేయుదురు. తరువాత ఆవునేతితో గాని, నీటితో నూరుమారులు కడిగిన వెన్నతో గాని, నాలుగు చుక్కల ఆముదముతో గాని వ్రేలితో మర్దించుదురు. ఆ మర్దనలో ఓర్పుండవలెను. తొందరపడినచో మసి వేరుగను నేయి వేరుగను నిలిచి, కంటిలో గరగరలాడును. కన్ను చల్లబడుటకై ఆవగింజంత పచ్చకర్పూరము కలిపెడివారు; హారతి కర్పూరము కంటికి పనికిరాదని పిల్లలకుకూడ తెలిసియుండెడిది. ప్రమిదెడు ఆముదము రాత్రియంతయు వెలిగినను వచ్చునది చిటికెడు మసి. అందుచేతనే కాటుకకాయను అటుకమీద పెట్టెలో పసుపు కుంకుమలతో సమానముగా భద్రపరచిరి.

ఈ చిటికెడు నలుపు మన బ్రదుకులో ఎన్ని తావుల ప్రవేశించినదో! పురిటి స్నానము తరువాత సాంబ్రాణి పొగ వేసి, పసిపాపకు కన్నుల దిద్ది, బుగ్గమీదను అరికాలను దిష్టిచుక్క పెట్టనిదే తల్లికి తృప్తి యుండదు. పెండ్లిలో వధూవరులకు కల్యాణపు బొట్టుతోపాటు బుగ్గచుక్క దిద్దుదురు. పేరంటమునకు వచ్చిన ముత్తయిదువకు పసుపు, కుంకుమ, కాటుక, గాజులు సౌభాగ్యచిహ్నములు; నోముల కథలలో కాటుకగౌరి నోము ప్రత్యేకముగా నున్నది. పోయిన సొమ్మును కనుగొనుటకు అంజనము వేయు మంత్రగాండ్రు తమలపాకుమీద నల్లని మసిని పూసి పసివానిచేత చూపించెడివారు. ఆ నమ్మకము నశించినను, అంజనము వేసి వెదకినను కానరాదను మాట మన నోట నిలిచియున్నది. తాటాకు గ్రంథములపై గంటముతో గీచిన అక్షరములు కనబడుటకు పూసినదియు ఆకుపసరులో కలిపిన మసియే. అనగా పంతులుగారి గ్రంథమును, ఇల్లాలి కంటిని దిద్దినది ఒకే నలుపు. భాగవతమును నరాంకితము చేయునేమోయని శారద పోతన ముందర కాటుక కరగునట్లు కంటతడి పెట్టెననియు, ఆయన ఆమెను ఊరడించెననియు చెప్పు చాటుకథ తెలుగువారికి అంతగా ప్రియమగుటకు కారణము, విద్యాధిదేవత సైతము అచట మన యింటి ఆడుబిడ్డవలె కాటుక కన్నులతో నిలుచుటయే.

గన్నవరమునకు దక్షిణముగా, అదే మండలమున, మువ్వకు చేరువనున్న కూచిపూడిలో కాటుక కళాసాధనమైనది. భరతుని నాట్యశాస్త్రము దృష్టులను ముప్పదియారుగాను, నందికేశ్వరుని అభినయదర్పణము ఎనిమిదిగాను విభజించి చెప్పినవి. సిద్ధేంద్రయోగి సంప్రదాయమున వచ్చిన భామాకలాపమును పురుషులే స్త్రీవేషము ధరించి, రాత్రిపూట ఆరుబయట, కాగడాల వెలుగున ఆడెడి కాలములో, దూరమున చాపలు పరచుకొని కూర్చున్న ప్రేక్షకునికి సత్యభామ చూపులోని అలుకయు విరహమును అందవలెనన్నచో కనుగొలకులు దాటి సాగిన నల్లని రేఖ అత్యవసరము. వేదాంతము సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచినవారు ఆ కన్నులను మరువజాలక చెప్పుకొనుట అందరెరిగినదే. ఆముదపు వెలుగులో, ఆముదపు మసి దిద్దిన కన్ను భావమును పలికిన ఆ రాత్రులలో దీపమునకును కాటుకకును గల బంధుత్వము సంపూర్ణముగా ప్రకటితమైనది.

ఇట్టి విద్య ఎట్లు సన్నగిల్లినది? 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఈ మండలపు నేలను మార్చివేసినది. సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించిన ఆ ప్రణాళికను కెప్టెన్ ఆర్ నిర్వహించెను. కాలువలు పారినకొలది పల్లపు భూములు వరికి మళ్లెను, మెట్టపైరులు మిట్టలకు జరిగెను. ఇది కాటుకకు హాని చేయలేదు సరికదా, కాలువగట్లమీద గుంటగలగరయు పొన్నగంటియు ఏడాది పొడవున దొరకుటకు తోడ్పడినది. అసలు మార్పు దీపమునకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా, రష్యా, బర్మా దేశముల నూనెగనులనుండి కిరసనాయిలు ఓడలమీద రేవులకును, రైళ్లమీద ఊళ్లకును చేరెను. బుడ్డిదీపమును, లాంతరును ఆముదపు ప్రమిదను గూటినుండి దింపి దేవునిమూలకు పంపివేసినవి. కిరసనాయిలు మసి కంపుగొట్టును, కంటిని మండించును, కాటుకకు పనికిరాదు. నిత్యము వెలుగు దీపముతోపాటు ఉచితముగా వచ్చుచుండిన కాటుక, అంతటినుండి ప్రత్యేకముగా పట్టవలసిన వస్తువైనది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కోస్తా జిల్లాలకు వెలుగు పంపినపిదప లాంతరుకూడ తొలగిపోయెను. ఇంతలో మద్రాసునందలి అరవింద్ లాబొరేటరీస్ వారి ఐటెక్స్ కాటుక చిన్న డబ్బీలలో పల్లెటూరి కిరాణా కొట్లకు చేరెను. 1952లో టాటాలు స్థాపించిన లాక్మే పట్టణపు యువతులను ఆకర్షించినది. కాటుక పట్టుట కడుపుతో నున్న ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చినపుడు మాత్రమే గుర్తుకు వచ్చు పనియై, తరువాత అదియు తగ్గిపోయెను.

ఈ సంప్రదాయమును ప్రేమించువారు వైద్యులు చెప్పు మాటనుకూడ ప్రేమతోనే వినవలెను. సుర్మా పేరిట అమ్ముడగు చూర్ణములలో తరచుగా సీసపు ఖనిజమే యుండును. సీసము శరీరమున చేరి పసివారి మెదడునకు, రక్తమునకు హాని చేయునని నిర్ధారణమైనది. ఈజిప్టువారి అంజనమునందలి సీసలవణములు అత్యల్ప ప్రమాణమున కంటి రక్షణశక్తిని ప్రేరేపించియుండవచ్చునని 2010లో ఫ్రెంచి రసాయనవేత్తలు ప్రకటించిరి గాని, అది నేడు సీసమును కన్నులకు పూసికొనుటకు అనుమతి కాదు. ఇంటి కాటుక సీసమును ఎరుగదు. ఈ విషయమున అది రాతి సుర్మాకంటె నిర్దోషి. అయినను వ్రేలితో దిద్దునపుడు గోటిలోని మురికియు, ఒకే పుల్లను ఇంటిల్లిపాది వాడునపుడు కంటి అంటురోగములును ఒకరినుండి యొకరికి ప్రాకును. ట్రాకోమా అను కంటిజబ్బు పూర్వము ఈ విధముగా వ్యాపించినది. పసిపాప కంటి నాళములు మిక్కిలి సన్ననివి గనుక నేటి వైద్యులు శిశువుల కంటిలో కాటుక పెట్టవలదందురు. దిష్టిచుక్కను అరికాలికి పరిమితము చేసినంతమాత్రమున తల్లి మమకారమునకు లోటు రాదు. మూత గల భరిణెను, దిద్దు పుల్లను వినయపిటకము రోజులనుండి మనవారు ఎరిగియుండిరనుట ఇచట స్మరింపదగినది.

ఇక మనము చేయవలసినది యేమి? ఆముదపు దీపముల కాలమును మరల తెచ్చుట సాధ్యము కాదు, అవసరమును కాదు. కాని ఏ నూనె ఎట్టి మసినిచ్చునో, ఏ పసరును ఎన్నిమారులు పట్టవలెనో, పళ్లెము ఎంత ఎత్తున నిలువవలెనో పరిశీలించి, తప్పుచేసి దిద్దుకొని, నిష్కర్షకు వచ్చినవారు బడిమెట్లెక్కని స్త్రీలు. వారి ప్రయోగములకు పుస్తకము లేదు. వారి చేతులే పుస్తకములు. గన్నవరము, ఉంగుటూరు, బాపులపాడు పల్లెలలో కాటుక పట్టిన చేతులు గల ముదుసలులు ఇంకను కొందరున్నారు. వారి చెంత కూర్చుండి, ఏ యింటి పద్ధతి ఏదియో అడిగి, తెలుగులో వ్రాసియుంచుట విద్యార్థులకును, కళాశాలలకును, గ్రంథాలయములకును అసాధ్యమైన పని కాదు. పసరు ఆకులను గుర్తించు వృక్షశాస్త్రజ్ఞుడును, మసిని పరీక్షించు రసాయనశాస్త్రజ్ఞుడును, కంటివైద్యుడును కలసి కూర్చున్నచో ఆ విద్యలో నిలువదగినదేదో, విడువదగినదేదో తేలిపోవును. శాసనములను అచ్చొత్తించి భద్రపరచిన శ్రద్ధలో కొంత భాగమైనను ఈ గృహవిద్యలకు చూపనియెడల ఆంధ్రుల చరిత్రలో సగము, అందును స్త్రీలు నిర్మించిన సగము, వ్రాయకయే మిగిలిపోవును. ఆ పని చేయవలసిన సమయమిదియే.